కారులో సువాసన శుభ్రతకు సాక్ష్యం కాదు



ప్రభుత్వ ఆసుపత్రులలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి, ఉబ్బసం రోగులకు "పొగకు, ధూళికి, ఘాటైన వాసనలకు దూరంగా ఉండండి" అని కొన్ని వేలసార్లు చెప్పిన నేను, ఆ మాటను నా సొంత కారు దగ్గర మరచిపోయాను. ఇతరులను విమర్శించే ముందు నా తప్పు ఒప్పుకోవడం న్యాయం కనుక, మొదట అదే చెబుతాను.

కిందటి వేసవిలో మా కారు వెనుక సీటు ముందు కార్పెట్ మీద పాలు ఒలికాయి. రెండు రోజులకే పులిసిన వాసన మొదలైనది. దుకాణానికి వెళ్లి, కార్పెట్లు శుభ్రం చేసే నురుగు స్ప్రే డబ్బా ఒకటి, అది చాలదన్నట్లు పరిమళపు సీసా ఒకటి కొనితెచ్చాను. ఉదయం ఏడు గంటలకు డబ్బాలో సగం కొట్టి, బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, తలుపులు మూసివేశాను. తొమ్మిది గంటలకు గుంటూరు నుంచి ఒంగోలుకు బయలుదేరాము. బయట ఎండ, లోపల ఏసీ, అద్దాలన్నీ పైకి. కొద్ది దూరం పోగానే తొమ్మిదేళ్ల నా మనుమరాలు "తాతయ్యా, గొంతు మండుతోంది" అన్నది. "కొత్త వాసనమ్మా, కాసేపటికి అలవాటవుతుంది" అన్నాను. చిలకలూరిపేట చేరకముందే దగ్గు, ఆ వెంటనే పిల్లికూతలు. కారు ఆపి, పాపను చెట్టు నీడన కూర్చోబెట్టి, ఇన్‌హేలర్ ఇచ్చాము. అదృష్టవశాత్తు అది సంచిలో ఉన్నది.

ఒక్క సంఘటన శాస్త్రీయ నిదర్శనం కాదని నాకు తెలుసు. కాని ఆ రోజు నుంచి ఈ విషయమై శ్రద్ధగా చదివాను, గమనించాను. చదివిన కొద్దీ ఒక సంగతి స్పష్టమైనది. మనం కొంటున్నది శుభ్రతను కాదు, శుభ్రత అనే భ్రమను. మురికి కార్పెట్‌లోనే ఉంటుంది. దాని మీద వాసన మారుతుంది, అంతే.

ముందుగా గాలి లెక్క చూడండి. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గదిలో సుమారు 34 ఘనమీటర్ల గాలి ఉంటుంది. చిన్న కారు లోపల ఉండేది దాదాపు 3 ఘనమీటర్లు. గదిలో వాడినంత ద్రవాన్నే కారులో వాడితే, ఆ ఆవిరి సుమారు పదింతలు చిక్కగా మన ముక్కుకు చేరుతుంది. ఏసీని లోపలి గాలినే తిప్పే స్థితిలో ఉంచితే అది బయటకు పోయే దారి కూడా ఉండదు. మన వేసవిలో ఎండలో నిలిపిన కారు లోపల వేడి 50 డిగ్రీలు దాటడం మామూలే. కార్పెట్ పోగులలో, దాని కింది మెత్తలో ఇంకిన రసాయనాలు ఆ వేడికి మళ్లీ ఆవిరవుతాయి.

ఇంతకూ ఆ డబ్బాలలో ఏముంటుంది? సాధారణంగా నురుగునిచ్చే డిటర్జెంట్లు. జిడ్డును కరిగించే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 2-బ్యూటాక్సీ ఇథనాల్ వంటి సాల్వెంట్లు. క్రిములను చంపుతామనే రకాలలో బెంజాల్‌కోనియం క్లోరైడ్ వంటివి. వీటన్నిటి పైన పరిమళాలు. డిటర్జెంట్‌ను సరిగా తీసివేయకపోతే అది ఎండి పొడిగా మారి, కాలు కదిపినప్పుడల్లా లేచి గొంతును, కళ్లను మండిస్తుంది. బ్యూటాక్సీ ఇథనాల్ ఊపిరి ద్వారానే కాక చర్మం ద్వారా కూడా ఒంట్లోకి పోతుంది. బెంజాల్‌కోనియం క్లోరైడ్‌తో నిత్యం పనిచేసేవారికి ఉబ్బసం రావచ్చునని వైద్యులకు తెలిసినదే. స్ప్రే డబ్బాలలో ద్రవాన్ని బయటకు నెట్టేది చాలా వాటిలో బ్యూటేన్, ప్రొపేన్ వాయువులు. అంటే మన వంటగ్యాస్‌లో ఉండేవే. స్ప్రే కొట్టి, అదే కారులో అగ్గిపుల్ల వెలిగించడం ఎంతటి ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఐరోపాలోని పది దేశాలలో, మొదట ఉబ్బసం లేని మూడున్నర వేల మందిని కొన్నేళ్లు పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉన్నది. వారానికి కనీసం ఒకసారి శుభ్రతా స్ప్రేలు వాడినవారిలో ఉబ్బసం లక్షణాలు, మందుల వాడకం దాదాపు ఒకటిన్నర రెట్లు కనిపించాయి. 2018లో నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరు వేల మందికి పైగా వ్యక్తుల ఇరవై ఏళ్ల వివరాలు పరిశీలించారు. శుభ్రపరిచే పనులు చేసే స్త్రీలలో ఊపిరితిత్తుల సామర్థ్యం, ఆ పనులు చేయని స్త్రీల కంటే వేగంగా తగ్గినట్లు తేలినది. ఇవి కార్లపై జరిగిన అధ్యయనాలు కావు. సంబంధాన్ని చూపాయే గాని, కారణాన్ని నిశ్చయంగా రుజువు చేయలేదు. అయితే ఇంట్లోనే ఇట్లా ఉంటే, అంతకంటే పదింతలు చిన్నదైన పెట్టెలో ఎట్లా ఉంటుందో ఆలోచించడానికి కొత్త అధ్యయనం అవసరమా?

"అమెరికాలో, ఐరోపాలో అందరూ వాడుతున్నారు కదా డాక్టరు గారూ" అని మీరు అడగవచ్చు. వాడుతున్నారు. కాని ఐరోపా సమాఖ్యలో 2004 నాటి డిటర్జెంట్ల నిబంధన ప్రకారం, అలర్జీ కలిగించగల కొన్ని పరిమళాలు నిర్ణీత పరిమాణం దాటితే వాటి పేర్లు సీసా మీద ఉండాలి. కాలిఫోర్నియా రాష్ట్రం 2017లో చేసిన చట్టం, ఇంటి శుభ్రతా ద్రవాలతో పాటు కార్ల శుభ్రతా ద్రవాలలోని పదార్థాలను కూడా వెల్లడించమన్నది. నేను కొన్న డబ్బాను భూతద్దం పెట్టి చదివాను. "డిటర్జెంట్లు, పెర్ఫ్యూమ్" అన్న రెండు మాటలే ఉన్నాయి. ఆ తరువాత దుకాణంలో మరో మూడు సీసాలు తిప్పి చూశాను, అదే తంతు. తినే బిస్కెట్ పొట్లం మీద పదార్థాల పట్టిక అడిగే మనం, పీల్చే వస్తువు మీద ఎందుకు అడగము?

ఇంకొక సంగతి మన మనస్సాక్షికి సంబంధించినది. మనం నెలకొకసారి కారు కడిగిస్తాము. వాటర్ సర్వీసింగ్ షెడ్డులో పనిచేసే కుర్రవాడు రోజుకు ఎన్నో కార్లలో తల దూర్చి ఈ ద్రవాలు కొడతాడు. చేతికి తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు. సాయంత్రానికి అతని వేళ్లు పగిలి, కళ్లు ఎర్రబడి ఉంటాయి. మన కారు సువాసనకు మూల్యం ముందుగా చెల్లిస్తున్నది అతడే.

సొంత వైద్యం కూడా దుకాణపు మందుకు తీసిపోదు. సీటు కింద కలరా ఉండలు వేసేవారిని చాలామందిని చూశాను. అందులోని నాఫ్తలీన్, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం గల పిల్లలలో రక్తకణాలను చిట్లగొట్టి, కామెర్లు తెప్పించగలదు. ఆ లోపం మన దేశంలో అరుదు కాదు. ఉన్నట్లు చాలామందికి తెలియదు కూడా. బ్లీచింగ్ ద్రావణాన్ని యాసిడ్‌తో కలిపితే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. ఈ రెండిటికీ కారులో చోటు ఉండరాదు.

మరి ఏమి చేయాలి? ముందుగా మ్యాట్లు తీసి, దులిపి, ఎండలో వేయండి. కార్పెట్‌ను పొడి బ్రష్‌తో కదిలించి, వాక్యూమ్ క్లీనర్‌తో నిదానంగా పీల్చండి. మురికిలో అధిక భాగం ఇసుక, మట్టి, వెంట్రుకలు, తినుబండారాల తునకలే. అవి ఇంతటితోనే పోతాయి. మరక ఉంటే, లీటరు నీటిలో ఒక చెంచా మామూలు డిటర్జెంట్ ద్రవం కలిపి, గుడ్డను తడిపి, పిండి, అద్దండి. నీరు పోయవద్దు. పాలు, పెరుగు ఒలికితే చన్నీరే వాడాలి. వేడినీటికి ఆ మరక గట్టిపడుతుంది. తరువాత మంచినీటి గుడ్డతో రెండుసార్లు తుడవండి. వాసన మిగిలితే వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి, ఉదయం వాక్యూమ్ చేయండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆరబెట్టడం. నాలుగు తలుపులూ తెరిచి, అవసరమైతే ఫ్యాను పెట్టి, పూర్తిగా ఆరనివ్వండి. ఒకటి రెండు రోజులు తడి నిలిస్తే బూజు పడుతుంది. బూజు కూడా ఉబ్బసానికి శత్రువే. వరదలో మునిగిన కారు సంగతి మరీ వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు, వీధుల్లో నిలిచినది వాననీరు మాత్రమే కాదు, మురుగు కూడా. అటువంటి నీటిలో నానిన కార్పెట్‌ను, కింది మెత్తను ఊడదీసి మార్చించవలసినదే. ఏ స్ప్రే దానిని బాగుచేయలేదు.

దుకాణపు వస్తువులన్నీ విషమని నేను అనడం లేదు. గ్రీజు, తారు మరకలకు అవసరం కావచ్చు. అప్పుడు స్ప్రే డబ్బా బదులు ద్రవరూపంలో ఉన్నది, వాసన లేనిది ఎంచుకోండి. గుడ్డ మీద వేసుకొని తుడవండి. చేతికి తొడుగు వేసుకోండి, తలుపులన్నీ తెరవండి, పిల్లలను దూరంగా ఉంచండి. ప్రయాణానికి కనీసం ఒక రోజు ముందే ఈ పని ముగించండి. తరువాత మొదటి ప్రయాణంలో అద్దాలు కొద్దిసేపు దించి, ఏసీకి బయటి గాలి అందనివ్వండి.

ఈసారి దుకాణంలో సీసా చేతికి తీసుకున్నప్పుడు, "ఇందులో ఏమేమి ఉన్నాయి?" అని అడగండి. జవాబు లేకపోతే అక్కడే పెట్టి రండి. పదిమంది అట్లా పెట్టి వస్తే తయారీదారుకు కబురు చేరుతుంది. పదార్థాల పట్టిక తప్పనిసరి చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిది. దానిని గుర్తుచేయవలసిన బాధ్యత మనది.

శుభ్రమైన కారుకు ఏ వాసనా ఉండదు. ఇక మీ కారులో ఎక్కిన పసివాడు గొంతు మండుతోందంటే, నావలె "అలవాటవుతుంది" అనవద్దు. వెంటనే అద్దం దించండి.