పై నుంచి చూస్తే అందరూ సేనాపతులే

టాయ్ సోల్జర్స్ అనే వీడియో గేము 2010లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధాన్ని బొమ్మ సైనికులతో ఆడిస్తుంది. దాని మీదా, తర్వాత వచ్చిన దాని తమ్ముళ్ల మీదా ఆటగాళ్లు రాసుకున్న అభిప్రాయాలు ఈ వారం తీరిగ్గా చదివాను. పొగడ్తలున్నాయి, తిట్లున్నాయి. తిట్లలో చాలావరకు న్యాయమైనవే, వాటి సంగతి తర్వాత చెబుతాను. ఒక్క ఫిర్యాదు మాత్రం మళ్లీ మళ్లీ ఎదురై నాకు చిర్రెత్తించింది. దాని సారాంశం ఇది: టవర్ డిఫెన్స్ కదా అని కొన్నాం, తీరా చూస్తే తుపాకులు వాటంతట అవి సరిగా పేల్చవు, ప్రతిదాని దగ్గరికీ మనమే పరిగెత్తాలి, ఇదెక్కడి గోల!

ఆ గోలే ఈ ఆటకు ప్రాణమని నా వాదన.

టవర్ డిఫెన్స్ అంటే ఏమిటో తెలియని పెద్దవాళ్లు కూడా పిల్లల ఫోన్లో ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్‌ను ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. శత్రువు వచ్చే దారి ఒకటుంటుంది. ఆ దారమ్మట వాడు అలలు అలలుగా వస్తాడు. దారి పక్కన మనం బురుజులు నిలబెట్టాలి. నిలబెట్టాక అవే కాలుస్తాయి. పడిన శత్రువుకు ఇంత అని డబ్బు జమవుతుంది, ఆ డబ్బుతో బురుజును ఇంకాస్త బలపరుస్తాం. 1990లో అటారీ వాళ్ల ర్యాంపార్ట్‌లో ఈ ఆలోచనకు బీజం పడింది. వార్‌క్రాఫ్ట్ 3 అభిమానులు సొంతంగా చేసుకున్న మ్యాపుల్లో పెరిగింది. 2007లో డెస్క్‌టాప్ టవర్ డిఫెన్స్ బ్రౌజర్లోకి వచ్చాక ఆఫీసుల్లో పనిగంటలను మేసేసింది. చాలా ఆటల్లో ఆటగాడి స్థానం ఒకటే, ఆకాశం. కింద ఎంతమంది కూలినా పైనున్నవాడి వేలికి మసి అంటదు.

టాయ్ సోల్జర్స్ తయారుచేసిన సిగ్నల్ స్టూడియోస్ వాళ్లు ఇక్కడే ఒక మెలిక పెట్టారు. ఇసుక బస్తాల మధ్య మెషిన్ గన్ నిలబెట్టి ఊరుకుంటే అది ఏదో మొక్కుబడిగా పేలుస్తుంది. బటన్ నొక్కితే మాత్రం కెమెరా ఆకాశం నుంచి దిగి ఆ తుపాకీ వెనకే కూర్చుంటుంది. అంతవరకూ అరచేతిలో ఉన్నట్టు కనబడిన మైదానం మాయమవుతుంది. మిగిలేది తుపాకీ గొట్టం, ముళ్లతీగ, దాని అవతల పొగలోంచి పరిగెత్తుకొచ్చే బొమ్మలు. గుండు తగిలితే నెత్తురు కారదు, బొమ్మ కాళ్లూ చేతులూ ఊడి ముక్కలవుతుంది. మనం ఇటు తలమునకలై ఉండగా అటు గుర్రపు దళం మన మోర్టారును దాటుకుని వెనకున్న బొమ్మల పెట్టె వైపు పోతుంటుంది. శత్రువులు ఆ పెట్టెలోకి లెక్కకు మించి చొరబడ్డారా, ఆట పోయినట్టే.

ఇక్కడే ఆటగాళ్లు రెండు వర్గాలయ్యారు. ఇది కాల్పుల ఆటే గానీ బురుజుల ఆట కాదని ఒక వర్గం, రెండింటినీ కలపడమే దీని గొప్పతనమని రెండో వర్గం. నేను రెండో వర్గంలో నిలబడతాను. మొదటి వర్గంలో కొందరి రాతలు చూస్తే ఆడలేక మద్దెల ఓడు అన్న మాట గుర్తొస్తుంది. వాళ్లకు యుద్ధం కావాలి, కందకం వద్దు. బురుజు కొనిపెట్టి కాలు మీద కాలేసుకుని గెలవాలి. ఈ ఆట అలా గెలవనివ్వదు. కట్టినవాడే దిగి కాల్చాలి. ఒకచోట కూర్చుంటే ఇంకోచోట ఏం జరుగుతోందో తెలియదు. యుద్ధం గురించి ఓ బొమ్మలాట చెప్పగలిగిన నిజం ఏదైనా ఉంటే అది ఇదే.

అసలు యుద్ధంలో ఏం జరిగిందో చూడండి. 1916 జులై 1, ఫ్రాన్స్‌లో సొమ్ నది ప్రాంతం. అంతకుముందు వారం రోజులపాటు బ్రిటిష్ ఫిరంగులు 15 లక్షలకు పైగా గుండ్లు కురిపించాయి. మ్యాపు మీద చూస్తే జర్మన్ కందకాలు తుడిచిపెట్టుకుపోయినట్టే. సేనాని డగ్లస్ హేగ్ ప్రధాన కార్యాలయం ముందు వరసకు చాలా దూరంలో, మోంత్రూయ్ పట్టణంలో ఉండేది. నేల లోతుల్లో తవ్వుకున్న గదుల్లో జర్మన్ మెషిన్ గన్ దళాలు బతికే ఉన్నాయన్న సంగతి మ్యాపు చెప్పలేదు. చాలాచోట్ల ముళ్లతీగ తెగలేదనీ చెప్పలేదు. ఆ ఒక్కరోజున బ్రిటిష్ సైన్యంలో చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిపి 57,470 మంది. అందులో మృతులు 19,240. ఆకాశంలో కూర్చుని యుద్ధం నడిపిస్తే వచ్చే లెక్క అది.

యుద్ధాన్ని బొమ్మలాట చేయడం ఆ చనిపోయినవాళ్లకు అవమానం కాదా అని అడిగే పెద్దమనుషులుంటారు. వాళ్లకు హెచ్.జి.వెల్స్‌ను చూపిస్తాను. టైమ్ మెషీన్ రాసిన ఆ మహానుభావుడే బొమ్మ సైనికులతో ఎలా యుద్ధం ఆడాలో నియమాలు పెట్టి ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం రాశాడు. అది వచ్చింది 1913లో, మహాయుద్ధానికి సరిగ్గా ముందు సంవత్సరం. బొమ్మలతో నాలుగుసార్లు ఆడిచూసినవాడికి అసలు యుద్ధం ఎంత తప్పుల తడకో అర్థమవుతుందని ఆయన వాదించాడు. దేశాలేలేవాళ్లు ఆ ఆట ఆడలేదు. బొమ్మ తాను బొమ్మనని ఒప్పుకుంటుంది. పేచీ అంతా ఒప్పుకోనివాళ్లతోనే.

నా అసలు కోపం ఇంకోటి. ఈ ఆటలో మొదట ఇచ్చిన రెండు పక్షాలు బ్రిటన్, జర్మనీ. మరి మనవాళ్లేరి? ఆ యుద్ధానికి మన దేశం నుంచి వెళ్లినవాళ్లు 10 లక్షలకు పైమాటే, తిరిగిరానివాళ్లు సుమారు 74 వేలమంది. 1915 మార్చిలో నవ్ షాపెల్ దగ్గర దాడికి దిగిన సైన్యంలో దాదాపు సగం భారతీయులే. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ సంస్థానపు ఆశ్విక దళానిదని హైదరాబాదులో ఎంతమందికి తెలుసు? పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. ఇంటికొక్కరు సైన్యానికి వెళ్లే ఊరు. ఆ ఊరి తాతలు ప్రపంచ యుద్ధాలకు వెళ్లారు. అమెరికాలో ఆట తయారుచేసినవాడికి ఇది తెలియకపోతే తప్పుపట్టను. మన పాఠ్యపుస్తకాల్లో మొదటి ప్రపంచ యుద్ధమంటే సారయెవోలో యువరాజు హత్య, ఆపైన వెర్సాయ్ సంధి, వెరసి ఐదు మార్కుల ప్రశ్న. తప్పుపట్టాల్సింది దాన్ని.

ఇక న్యాయమైన తిట్ల దగ్గరికొస్తాను. 2015లో యూబీసాఫ్ట్ సంస్థ ఈ వరసలో వార్ చెస్ట్ అనే ఆట విడుదల చేసింది. మామూలు ధరకు కొంటే సొంతంగా సృష్టించిన నాలుగు సైన్యాలు వస్తాయి. అట్ట మీద మెరిసిపోయే హీమ్యాన్, జి.ఐ.జో లాంటి పేరున్న బొమ్మలు కావాలంటే విడిగా డబ్బు కట్టాలి, లేదా ఖరీదైన ప్యాకేజీ కొనాలి. ఆటగాళ్లు మండిపడ్డారు. పడరా మరి? ఆపైన మొదటి ఆటనే కొత్తగా మెరుగుపెట్టి టాయ్ సోల్జర్స్ హెచ్‌డీ అన్నారు. చెప్పిన తేదీలు దాటించి దాటించి 2021 అక్టోబరులో వదిలారు. అన్నాళ్లు ఆగి కొన్నవాళ్లకు దొరికింది సాంకేతిక లోపాల మూట. పదకొండేళ్ల కిందట బాగా నడిచిన ఆటను మళ్లీ డబ్బు పుచ్చుకుని చెడగొట్టి ఇస్తే దాన్ని ఏమనాలి?

పాతదే ఆడుకుందామంటే, అది మొదట దొరికిన ఎక్స్‌బాక్స్ 360 దుకాణాన్ని మైక్రోసాఫ్ట్ 2024 జులై 29న మూసేసింది. అప్పటికే కొన్నవాళ్లు మళ్లీ దింపుకోవచ్చు, కొత్తగా అక్కడ కొనేందుకు లేదు. ఆ అవకాశమైనా ఎన్నాళ్లు? అదే 2024లో మార్చి 31న యూబీసాఫ్ట్ ది క్రూ అనే కార్ల ఆట సర్వర్లు ఆపేసింది. డబ్బు పోసి కొన్న ఆట ఆ రోజుతో చచ్చిపోయింది. ఆ కడుపుమంటలోంచే ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం పుట్టింది. 2025 జులై నాటికి ఐరోపా సమాఖ్యకు పెట్టిన అర్జీ మీద సంతకాలు 10 లక్షలు దాటాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరిలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది: నువ్వు సొంతం చేసుకుంటున్నది వస్తువును కాదు, లైసెన్సు మాత్రమే అని కొనేవాడికి అమ్మేవాడు స్పష్టంగా చెప్పాలి.

ఈ శీర్షిక చదివేవాళ్లకు ఇది నా పాత పాటేనని తెలుసు. డబ్బిచ్చి కొన్న డిజిటల్ పుస్తకాలు ఒకనాటి పొద్దున నా అల్మరాలోంచి మాయమైనప్పటి నుంచీ పాడుతూనే ఉన్నాను. అటక మీది చందమామలు ఇప్పటికీ నావే, వాటిని చెదలు తినాలి తప్ప ఎవడూ వెనక్కి తీసుకోలేడు. మన ప్రభుత్వాలకు ఆన్‌లైన్ ఆటలంటే పేకాట ఒక్కటే గుర్తుకొస్తుంది. రమ్మీని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పందేల ఆటలన్నిటి మీదా చట్టం తెచ్చింది. మంచిదే. మరి పందెం కాయకుండా, నిజాయితీగా డబ్బుపెట్టి ఆట కొనుక్కున్న కుర్రవాడి హక్కు సంగతి ఎవరు చూస్తారు? వాడి గోడు రివ్యూలో రాసుకోవాల్సిందే.

రివ్యూ అంటే గుర్తొచ్చింది. ఈ ఆటలు అమ్మే స్టీమ్ అనే దుకాణంలో ఒక మంచి పద్ధతుంది. ఎవరు అభిప్రాయం రాసినా పక్కనే వాళ్లు ఆ ఆట ఎన్ని గంటలు ఆడారో కనబడుతుంది. అంచేత పది నిమిషాలు ఆడి పది పేరాలు తిట్టేవాడి బండారం అక్కడికక్కడే బయటపడుతుంది. వంద గంటలు ఆడి ఒక్క వాక్యం రాసినవాడి మాటకు బరువుంటుంది. మొదటి రోజు మొదటి ఆట సగం చూసి థియేటరు మెట్ల మీదే తీర్పు చెప్పే మన సినిమా విశ్లేషకులకు ఈ పద్ధతి పెడితే ఎంత బాగుండునో అనుకున్నాను. తర్వాత అంతకన్నా అవసరమైన చోటు ఇంకోటి తట్టింది.

2025 మే నెల గుర్తుందా? పాకిస్తాన్ సరిహద్దులో క్షిపణులు, డ్రోన్లు ఎగురుతున్న ఆ నాలుగు రోజులూ టీవీ స్టూడియోలు ఏం చేశాయో గుర్తుందా? తెర మీద కంప్యూటర్ యుద్ధ విమానాలు, వెనక సైరన్ మోత. కొన్ని జాతీయ చానళ్లు ఏకంగా కరాచీ రేవును ధ్వంసం చేసేశాయి. తెల్లారాక చూస్తే రేవు రేవులాగే ఉంది. పౌర రక్షణ సైరన్లను కార్యక్రమాల్లో వాడొద్దని, జనం అసలు సైరన్ మోగినా పట్టించుకోకుండా పోతారని కేంద్ర హోం శాఖ చెప్పాల్సి వచ్చింది. మన శ్రీ సత్యసాయి జిల్లాలో ఓ తండా నుంచి వెళ్లిన యువ జవాను నియంత్రణ రేఖ దగ్గర ప్రాణం విడిచింది కూడా ఆ రోజుల్లోనే. స్టూడియోలో మాత్రం ఏసీ గదిలో మ్యాపు ముందు నిలబడి, ఇక్కడ ఒకటి వేయాలి, అక్కడ రెండు వేయాలి అంటూ బాణం గుర్తులు గీస్తున్నారు. వాళ్లది అచ్చమైన టవర్ డిఫెన్స్. దిగి తుపాకీ వెనక కూర్చోమనే బటన్ వాళ్ల ఆటలో లేదు.

అందుకే బొమ్మ సైనికుల ఆట ఆడేవాళ్ల సణుగుడు నాకు వెయ్యి రెట్లు నయమనిపిస్తుంది. తాము ఆడుతున్నది ఆటేనని వాళ్లకు తెలుసు. ఎన్ని గంటలు ఆడారో దాచుకోరు. మన చానళ్లు కూడా చర్చల్లో యుద్ధం కావాలని గొంతు చించుకునే ప్రతి నిపుణుడి పేరు కిందా సరిహద్దులో గడిపిన గంటలెన్నో వేయాలి. అలా వేసిన రోజున చాలా కుర్చీలు ఖాళీ అవుతాయి. మిగిలిన నలుగురు మాజీ సైనికులూ ఏం చెబుతారో అప్పుడు విందాం. యుద్ధం కావాలని వాళ్లు అంత తేలిగ్గా అనరని నా నమ్మకం.