పట్టాలు శుభ్రమయ్యాయి, మరి మనం?

మనిషి పాత తప్పులనుంచి నేర్చుకుంటాడు, కాలం మంచివైపే పోతోంది అని చాలామంది అంటూ ఉంటారు. సగమే నేర్చుకుంటాడని నా అభిప్రాయం. రైల్వేలో పనిచేసినవాణ్ణి కాబట్టి పట్టాల సంగతే చెప్తాను.

చేత్తో మలం ఎత్తించడం నేరమని 1993లో చట్టం వచ్చింది. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి 46 ఏళ్లు! అది కూడా పాకీదొడ్ల గురించే. రైలుపెట్టెల కిందనుంచి పట్టాలమీద పడేదాన్ని ఎత్తేవాళ్ల మాట 2013 చట్టంలోగానీ రాలేదు. అందులోనూ, తగిన పరికరాలు, రక్షణ తొడుగులు ఇచ్చి చేయిస్తే వాళ్లు ఆ లెక్కలోకి రారని ఒక వివరణ. ఫైళ్లమధ్య బతికినవాణ్ణి, ఇలాంటి వివరణలు ఎందుకు పుడతాయో నాకు తెలుసు.

పట్టాలను మార్చింది బయో టాయిలెట్. 2016లో మన మానామదురై - రామేశ్వరం దారి, 114 కిలోమీటర్లు, దేశంలో మొదటి గ్రీన్ కారిడార్ అయింది. తర్వాత మిగతా రైళ్లకూ తొట్లు వచ్చాయి. చాలా సంతోషం. కానీ మారింది పెట్టె. మిషను రానిచోట చూడండి, మురుగుగుంతల్లోకి ఇంకా మనుషులే దిగుతున్నారు, విషవాయువుకి చనిపోతున్నారు. ఒక్కో చావుకి 10 లక్షలు ఇమ్మని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. కోర్టు చేయగలిగింది చేసింది. పరిహారం పెంచాల్సి వచ్చిందంటే చావులు ఆగలేదనే కదా.

ఇది మనకెందుకు అనకండి. తమిళనాడులో తరతరాలుగా ఈ పనిలోకి తోసేసిన అరుంధతియర్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఈ పని పోవాలని సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపి 2016లో మెగసెసె అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ గారు కోలారు బంగారు గనుల ఊళ్లో పుట్టారు, ఇంటిభాష తెలుగు. ప్రవాసాంధ్రుల గొప్పల గురించి ప్రతి ఉగాదికీ గంటసేపు మాట్లాడతాం. ఆయన పేరు మన వేదికమీద నేను ఒక్కసారీ వినలేదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో రెండు సంగతులు అడగబోతున్నాను. సభ్యత్వం పుస్తకం పట్టుకుని ఆ కాలనీలకి మనమే పోవాలి, వాళ్లు వస్తారని కూర్చోకూడదు. రెండోది, మన హాలు సెప్టిక్ ట్యాంకు నిండితే లారీ మిషనునే పిలవాలి, ఎంత అర్జెంటైనా మనిషిని దించకూడదు. ఖర్చు ఎక్కువే అవుతుంది. కోశాధికారిగారు ఈ సంవత్సరం లెక్కలోనే దానికి కొంత డబ్బు పక్కన పెట్టాలని మనవి.