సమ్మతి ఎవరి భాషలో?

తెలియని భాషలో వ్రాసిన పత్రముపై వ్రేలిముద్ర వేయించుకొని, పిమ్మట “నీవే యొప్పుకొంటివి గదా” యని పొలము లాగుకొన్న వడ్డీవ్యాపారుల సంగతి మన పెద్దలెరుగనిది కాదు. నేడు కాగితము పోయి చేతిఫోను వచ్చినది. వ్రేలిముద్రకు బదులు “అంగీకరించుచున్నాను” అను మీట వచ్చినది. చదువనేరని భాషలో ఒప్పుకొనుట మాత్రము మారలేదు.

కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యములో, 2017 ఆగస్టు 24వ తేదీన, సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ సంఘము ఒక ముసాయిదా సమర్పించినది. 2019 నాటి బిల్లును 2022లో ప్రభుత్వము ఉపసంహరించుకొన్నది. తుదకు 2023 ఆగస్టు 11న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునకు రాష్ట్రపతి యామోదము లభించినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. సంస్థల ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువీయబడినది. అనగా 2027 మే నెల వరకు.

ఈ యేండ్లన్నిటిలో మేల్కొనియున్న వారెవరు? వ్యాపార సంఘములు. ప్రతి ముసాయిదాకును వారు న్యాయవాదులచే విజ్ఞాపనలు వ్రాయించి పంపిరి. 2018 ముసాయిదా మన వివరముల ప్రతి యొకటి ఈ దేశముననే యుంచవలెనన్నది. విదేశీ కంపెనీలు, వాని సంఘములు గట్టిగా అభ్యంతరము చెప్పినవి. 2023 చట్టములో ఆ సాధారణ నిబంధన లేదు. ప్రభుత్వము నిషేధించిన దేశములకు తప్ప తక్కిన దేశములకు పంపవచ్చును. వర్తకులు తమ మాట తాము చెప్పుకొనుట తప్పని మేమనము. మనలోను వర్తకులు కలరు. కాని ఒక పక్షమే మాటాడినచోట చట్టము ఆ పక్షమునకే ఒరుగును.

ఇందు మనకు సూటిగా సంబంధించిన నిబంధన యొకటి కలదు. సంస్థ యిచ్చు నోటీసును, అది కోరు సమ్మతిని, ఇంగ్లీషులో గాని రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చూచుకొను ఎంపిక పౌరునికి ఉండవలెనని 5, 6 విభాగములు చెప్పుచున్నవి. షెడ్యూలులోని 22 భాషలలో తెలుగొకటి; మొదటి 14 భాషలనాటినుండియు నున్నది. ఎంపిక పౌరునిది, రాష్ట్రముది కాదు. సేలములోని తెలుగువానికి తమిళ నోటీసు, బరంపురములోని వానికి ఒడియా నోటీసు, షోలాపురపు నేతపనివానికి మరాఠీ నోటీసు మాత్రమే చూపి “ప్రాంతీయ భాషలో ఇచ్చితిమి” అన్నచో అది చట్టమును పాటించుట కాదు.

ఇన్ని భాషలు భారమను వాదము వినవచ్చుచున్నది. అప్పు తీసికొనుడని, బంగారము కుదువబెట్టుడని మనకు తెలుగులో ఫోను చేయుటకు ఏ కంపెనీకిని భారము లేదు. సరుకమ్ముటకు వచ్చిన తెలుగు షరతులు చెప్పుటకు రాదా? చిన్న వర్తకుడు చితికిపోవుననుటయు సబబు కాదు. కాగితపు పద్దుపుస్తకములో అరువు వ్రాసుకొను అంగడివానికి ఈ చట్టమే వర్తింపదు. అతనిని ముందు నిలిపి అతని వెనుక దాగువారు వేరు.

రెండు లోపములు చెప్పక తప్పదు. 17వ విభాగము క్రింద, క్రొత్తగా వెలసిన స్టార్టప్ సంస్థలతో సహా కొన్ని తరగతులను నోటీసు బాధ్యతనుండియే మినహాయించు అధికారము కేంద్రప్రభుత్వమునకు కలదు. నోటీసే లేనిచోట అది ఏ భాషలో ఉండవలెనను ప్రశ్నయే లేదు. రెండవది: సమాచారమును భద్రపరుపని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును గాని, ఆ సొమ్ము ప్రభుత్వ నిధికి చేరును. నష్టపోయిన మనిషికి దమ్మిడీ రాదు. పరిహారమునకు దారి చూపిన 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 43ఏ విభాగమును సయితము ఈ చట్టము తీసివేయుచున్నది. ఐరోపా సమాఖ్య శాసనము 82వ అధికరణములో పరిహారపు హక్కు నిచ్చినది. అది 2018 మే 25 నుండి అమలులో నున్నది. అక్కడి వర్తకము ఆగిపోలేదు.

ఇక మన తప్పు. 2025 జనవరిలో ముసాయిదా నియమములపై ప్రజల యభిప్రాయములు కోరినప్పుడు మేమొక్క ఉత్తరమైనను పంపలేదు. బడులకొరకు, పాఠ్యపుస్తకములకొరకు అర్జీలు పెట్టిన చేతులు దీనిని కంపెనీల గొడవ యనుకొని ఊరకున్నవి. అది మా అలసత్వము. మరియొక దాపరికమేల? ఇంట తెలుగు మాటాడుచు తెలుగు లిపి చదువలేనివారు మనలో అనేకులు. వారికి వ్రాతనోటీసు చాలదు. చదివి వినిపించు ఏర్పాటు కావలెను. చట్టము దానిని ఆజ్ఞాపింపలేదు గనుక మనమే అడుగవలెను.

కావున ప్రతి శాఖయు కేంద్రమంత్రిత్వ శాఖకు మూడు కోరికలు వ్రాయవలెను: భాష యెంపిక రాష్ట్రమునుబట్టి గాక మనిషినిబట్టి ఉండుట, చదివి వినిపించు సదుపాయము, అప్పులిచ్చు సంస్థలకు నోటీసు మినహాయింపు ఈయకుండుట. ప్రతి కుటుంబమును ఈ గడువు లోపలనే తమ బ్యాంకును, తమ ఫోను కంపెనీని “తెలుగు నోటీసు ఏది?” యని అడుగవలెను. అంగడిలో బిల్లు వేయుటకు ఫోను నెంబరు కావలెనని పట్టుపట్టరాదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖయే చెప్పినది, అడిగినచో కాదనుడు.

అడుగనివానికి అమ్మయైనను పెట్టదు. అడుగుటకు మనకు 2027 మే వరకే వ్యవధి కలదు.