రహదారి యెవరిది?

చెన్నేకొత్తపల్లి చెంతగా పోవు రాజమార్గమునకు సంఖ్య మాఱినది, రూపును మాఱినది. వారణాసినుండి కన్యాకుమారికి పోవు 7వ జాతీయ రహదారిగా చిరకాలము ప్రసిద్ధి వహించిన యీ మార్గము, 2010వ సంవత్సరమున జరిగిన సంఖ్యల సవరణ ఫలితముగా, శ్రీనగరమును కన్యాకుమారిని గలుపు 44వ జాతీయ రహదారిలో భాగమైనది. నాడు ఎదురెదురుగా వచ్చు బండ్లు ఒదిగి పోవలసిన బాట నేడు నడుమ గట్టుగల నాలుగు వరుసల దారియైనది. అనంతపురమునుండి పెనుకొండకును, అటనుండి బెంగుళూరునకును ప్రయాణము సుఖతరమైనది. సరకుల రాకపోకలు పెరిగినవి. ఈ మేలును కాదనువారము కాము. కాని కారులో పోవువాడు చెన్నేకొత్తపల్లిని దాటుటకు రెండు నిమిషములు చాలునని సంతసించుచుండగా, చెన్నేకొత్తపల్లివాడు ఆ దారిని దాటుటకు ఎంత ప్రాణభయము ననుభవించుచున్నాడో విచారించువారు అరుదు.

మోటారు నడుపువారికిని సైకిలు త్రొక్కువారికిని గల కలహము క్రొత్తది కాదు. మోటారువారి ఫిర్యాదులు మన మెఱిగినవే. సైకిలువాడు వెనుక చూడక మలుపు తిరుగును, రాత్రివేళ దీపము లేక చీకటిలో చీకటియై పోవును, ఎదురుదిశలో వచ్చును, పచ్చగడ్డి మోపును అడ్డముగ కట్టుకొని దారి నాక్రమించును. సైకిలువారి ఫిర్యాదులు పత్రికల కెక్కవుగాని, అవియును కలవు. లారీ వెన్నంటి వచ్చి హారను మ్రోగించి గుండె లవియజేయును. కారు మోచేతికి తగులునంత చేరువగా దూసికొని పోవును. ఎదుటి దీపముల కాంతికి కన్నులు చెదరును. తారు అంచు దిగి గులకరాళ్లలోని కొదిగినచో చక్రము జాఱి పడవలసివచ్చును. ఉభయుల మాటలలోను సత్యము కలదు. ఐనను ఉభయుల అపరాధములు సమానములనుట న్యాయము కాదు.

ఏలయన, తప్పునకు చెల్లించు మూల్యము సమానము కాదు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున వచ్చు కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోవును. అదే సెకనులో 15 కిలోమీటర్ల వేగముగల సైకిలు సుమారు నాలుగు మీటర్లు మాత్రమే కదలును. డ్రైవరు అపాయమును గుర్తించి బ్రేకుపై కాలు మోపునంతలో నడిమి దూరము హరించిపోవుచున్నది. వేగము రెండింతలైనచో తాకిడియందలి శక్తి నాలుగింతలగునని పాఠశాల బాలుడును చదువుచున్నాడు. సగటు వేగము నూటికి ఒకటి పెరిగినచో మరణకరమగు ప్రమాదముల భయము నూటికి నాలుగు పెరుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. సైకిలువాని పొరపాటు వలన కారునకు రంగు చెడును, అద్దము పగులును. కారువాని పొరపాటు వలన సైకిలువాని యింట దీపమారును.

2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వమువారి నివేదిక తెల్పుచున్నది. వారిలో 32,825 మంది పాదచారులు. జాతీయ రహదారులపై మరణించినవారు 61,038 మంది. దేశమందలి రోడ్ల మొత్తము పొడవులో జాతీయ రహదారులు నూటికి సుమారు రెండు పాళ్లు మాత్రమే. మరణములలో మూడవ వంతునకు పైగా వానిపైననే సంభవించినవి. యుద్ధమున నింతమంది మడిసినచో దేశము శోకసముద్రమున మునిగియుండును. ఒక్కొక్కరుగా, ఊరికొకరుగా మడియుటచే అది మనకు వార్త కాకపోయినది.

ఎదురుదిశలో వచ్చు సైకిలువానిని దూషించువారు ఒక్కమాఱు వాని చోటున నిలిచి చూడవలెను. రహదారి చీల్చిన గ్రామములలో ఇల్లు ఈవల, చేను ఆవల. నడిమి గట్టు తెగినచోటు ఎక్కడనో దూరమున నుండును. నియమమును పాటింపవలెనన్న అంత దూరము పోయి, మరల అంత దూరము తిరిగి రావలెను. ప్రొద్దంతయు వేరుసెనగ చేలో పాటుపడి అలసివచ్చు కూలివాడు అంచు పట్టుకొని నాలుగు ఫర్లాంగులు ఎదురుగా పోవ తెగించుట నేరమే కావచ్చును. కాని ఆ నేరమును వానిచే చేయించినది ఆ దారిని గీచిన చేయి. బెంగుళూరునకు పోవువాని నిమిషములను లెక్కించిన యింజనీర్లు చేనునకు పోవువాని గడియలను లెక్కింపలేదు. ఇందు మన తప్పును లేకపోలేదు. సర్వీసు రోడ్డు ఉన్నచోట లారీలను నిలిపియు, దుకాణములను ముందునకు జరిపియు, పంటల నారబోసియు దానిని మూసివేయుచున్నాము. పిమ్మట సైకిలువాడు పెద్దదారి నెక్కెనని వాపోవుచున్నాము.

మా పాఠకులలో భూములు గలవారును, పట్టణములందు వృత్తులు గలవారును పెక్కురు. వారి కొక్క మాట. సైకిలు గలవాడే గ్రామమున గణ్యుడైన దినములు కలవు. పురపాలక సంఘములు సైకిలునకు పన్ను విధించి బిళ్ల నిచ్చెడివి. రాత్రి దీపము లేకున్నను, ఇద్దఱెక్కినను పోలీసువాడు నిలిపెడివాడు. ఆ దినములలో ప్లీడర్లును, ఉపాధ్యాయులును, గ్రామోద్యోగులును సైకిలుపైననే పనులకు పోయిరి. అట్టి తండ్రి కష్టార్జితముతో చదివి వృద్ధికి వచ్చిన కుమారుడు నేడు కారులో కూర్చుండి సైకిలువానిని అడ్డు తొలగుమని గద్దించుచున్నాడు. 2011 జనగణన ప్రకారము దేశమున నూఱు కుటుంబములలో దాదాపు 45 కుటుంబములకు సైకిలు కలదు. కారు గలవి అయిదింటికి లోపు. పెనుకొండ చెంత ఎర్రమంచియొద్ద దక్షిణకొరియావారి కియా కర్మాగారమున 2019నుండి కార్లు తయారగుచున్నవి. కఱవు సీమలో పరిశ్రమ వెలసినందుకు సంతసింపవలసినదే. కాని కారు పుట్టు సీమలో సైకిలునకు చోటు లేకుండుట శోభ కాదు.

ఈ విషయము నిప్పుడు ప్రస్తావించుటకు కారణము కలదు. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 138వ సెక్షనులో ఒక క్రొత్త ఉపవిభాగమును చేర్చిరి. యంత్రములేని బండ్లును పాదచారులును బహిరంగ స్థలములలోనికిని జాతీయ రహదారులమీదికిని ప్రవేశించు పద్ధతిని క్రమబద్ధము చేయుటకు రాష్ట్ర ప్రభుత్వములు నియమములు చేయవచ్చునని దాని సారాంశము. అట్టి నియమములను ఆఱు మాసములలో రూపొందింపవలెనని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో రాష్ట్రముల నాదేశించినది. ఉద్దేశము రక్షణయే. కాని 'ప్రవేశము' అను మాటకు రెండంచులు కలవు. ఆ నియమములు సైకిలువానికి దారి చూపునవియు కావచ్చును, దారి మూయునవియు కావచ్చును.

ఈ భయము నిరాధారము కాదు. కలకత్తా పోలీసులు 2013లో 174 రోడ్లపై సైకిళ్లను నిషేధించిరి. పాలవారును, పత్రికలు పంచువారును మొఱపెట్టుకొనిరి. బెంగుళూరు-మైసూరు మార్గమున 2023 ఆగస్టు 1నుండి ప్రధాన వరుసలపైకి ద్విచక్ర వాహనములు, ఆటోలు, ట్రాక్టర్లు, యంత్రరహిత వాహనములు రాగూడదని శాసించిరి. అచట ప్రక్కన సర్వీసు రోడ్లైనను కలవు. వేఱు దారి లేనిచోట అట్టి శాసనము చేసినచో అది రక్షణ కాదు, బహిష్కరణము. ఆ రహదారికి నేల నిచ్చినది గ్రామములు. నేల నిచ్చినవానికి దానిపై కాలూన హక్కు లేదనుట ఏ ధర్మము?

హైదరాబాదున వెలుపలి వలయ మార్గము ప్రక్కన సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలుబాటను 2023 అక్టోబరు 1న ప్రారంభించిరి. వ్యాయామమునకు త్రొక్కువానికి ఎండ తగులకుండ నీడ కల్పింపగలిగిన మన ఇంజనీర్లు, పొట్టకూటికై త్రొక్కువానికి రెండు గజముల అంచు కల్పింపలేరా? హాలండు దేశమున 1971లో దాదాపు 3,300 మంది రోడ్లపై మరణించిరి. వారిలో 400 మందికి పైగా బాలురు. తలిదండ్రులు వీధుల కెక్కి శిశుహత్య నాపుడని ఘోషించిరి. పిమ్మటనే అచట ప్రత్యేకమగు సైకిలుబాటలు విస్తరిల్లినవి. మోటారు సైకిలువానిని తాకినచో నష్టపరిహార భారము ప్రాయికముగ మోటారువానిపైననే యుంచు చట్టమును అచట కలదు. ప్రజలు పట్టుపట్టనిదే ఏ రాజ్యమును కదలదు.

మనుస్మృతి రెండవ అధ్యాయమున ఎవరికి దారి విడువవలెనో చెప్పబడినది. అందు బండినెక్కినవాడును కలడు, మోటారువారు సంతసింతురుగాక. కాని వానితోబాటు వృద్ధుడును, రోగియు, స్త్రీయు, బరువు మోయువాడును కలరు. నాటి బండి చప్పున ప్రక్కకు తిరుగజాలదు గనుక దానికి దారి విడుచుట యుక్తమయ్యెను. నేడు చప్పున తిరుగజాలనివాడు మోపు కట్టుకొని మిట్ట నెక్కుచున్న సైకిలువాడే. బలవంతుడు బలహీనునికి దారి విడుచుట నాగరకత. బలహీనుడు బలవంతునికి బెదరి తొలగుట మత్స్యన్యాయము.

కర్తవ్యము స్పష్టము. నియమములు వ్రాయుటకు ముందు రహదారి చెంతనున్న గ్రామసభల యభిప్రాయమును ప్రభుత్వమువారు గ్రహింపవలెను. ప్రతి గ్రామమునొద్దను ఇరువైపుల ఎడతెగని సర్వీసు రోడ్డును, నడచివచ్చువానికి అందుబాటులో క్రింది దారియును జాతీయ రహదారుల సంస్థవారు కల్పింపవలెను. దారి అంచును తారుతో సమముగ నుంచవలెను. సర్వీసు రోడ్డుపై లారీలను నిలుపువారిని పోలీసులు ఉపేక్షింపరాదు. సైకిలువారును తమ వంతు నెఱవేర్పవలెను: ముందు దీపము, వెనుక ఎఱ్ఱని మెఱపుబిళ్ల లేక రాత్రి దారి కెక్కరాదు, మలుపునకు ముందు చేయి చాపవలెను. భూస్వాములు తమ కూలివారి సైకిళ్లకు ఆ బిళ్లల నమర్చుటకు అగు వ్యయము ఒక పూట కాఫీ వ్యయమునకు మించదు. గుద్దిన బండి ఏదో తెలియక పోయినచో మృతుని కుటుంబమునకు 2 లక్షల రూపాయలును, తీవ్రముగ గాయపడినవానికి 50,000 రూపాయలును లభించు పథకము 2022 ఏప్రిల్ 1నుండి అమలున నున్నది. చదువెఱుగని కుటుంబములకు ఆ యర్జీ వ్రాసి పెట్టుట చదువుకొన్నవారి విధి.

మోటారువారిని శత్రువులుగ నెంచుట మా యుద్దేశము కాదు. కారు దిగినపిమ్మట ప్రతివాడును పాదచారియే. వాని బిడ్డయు ఏదో యొకనాడు సైకిలుపై బడికి పోవలసినదే. 44వ సంఖ్యగల యీ రహదారి కాశ్మీరమును కన్యాకుమారితో కలిపినది. చెన్నేకొత్తపల్లివాని యింటిని వాని చేనితో కలిపిననాడే అది సంపూర్ణమగు జాతీయ రహదారి యనిపించుకొనును.