నల్లమల మీద రెండు సైకిళ్లు

ఊటీ, కొడైకెనాలు పోయేవాళ్లతో నాకు తగాదా లేదు. అక్కడ గాలి చల్లగా ఉంటుంది, బిల్లు వేడిగా ఉంటుంది. నామటుకు నేను 2023 మే మొదటివారంలో సైకిలెక్కి నల్లమల దాటాను. "ఈ యెండల్లో, ఈ వయసులోనా!" అంటూ మొదలుపెట్టి మా ఆవిడ అన్న మాటలన్నీ రాస్తే సంపాదకులు వేసుకోరు.

వెంట మా చెల్లెలి కొడుకు. ఇంటర్ తప్పి పదిరోజులుగా ఎవరితోనూ పలకడం లేదు. అన్నం కూడా గదిలోకే. "అన్నయ్యా, వాణ్ణి నీతో తీసుకుపో. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అంది చెల్లెలు. అంతకంటె ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

నంద్యాల దాకా రైలు, సైకిళ్లు బ్రేకువానులో. ఆ రాత్రి మహానందిలో మకాం. అక్కడి కోనేట్లో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, అడుగున పడ్డ రూపాయి బిళ్ల పైకి కనిపిస్తుంది. ఆ ఊటనీళ్లే బయటికి పారి అరటితోటలను పోషిస్తున్నాయి. మావాడు గంటసేపు మునిగాడే గాని నోరు విప్పలేదు.

వెలుతురు రాగానే బయల్దేరాం. గాజులపల్లె దాటాక కొండదారి. పులులు తిరిగే అడవి. అక్కడ గుడారం వెయ్యనివ్వరు, వెయ్యనిచ్చినా వెయ్యరాదు. అంచేత ఎండ ముదరకముందే దిగువమెట్ట చేరాలి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, అటుకులు, పంక్చరు సామాను – ఇంతకుమించి మోస్తే ఎక్కుడులో ఏడుపే. దిగి తోసుకుపోవడంలో నామోషీ ఏమీ లేదు. భయమంతా దిగుడులో. బ్రేకు బిగబట్టి ఉంచితే రబ్బర్లు కాగిపోతాయి. నొక్కి, వదిలి, మళ్లీ నొక్కాలి.

పైకి చేరేసరికి నా కాళ్లు వణుకుతున్నాయి. వాడు తన సీసా నా చేతిలో పెట్టి, "తాగు మావయ్యా, నేను తాగాన్లే" అన్నాడు. సీసా నిండుగానే ఉంది. చెరిసగం తాగాం.

గిద్దలూరులో రాత్రి గడిపి మర్నాడు కంభం వెళ్లాం. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకి అడ్డంగా 57 అడుగుల ఎత్తు కట్ట! వేసవికి నీళ్లు దూరం జరిగి, ఒడ్డున గేదెలు బురదలో పడుకున్నాయి. కృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడమని గుర్తింపు కూడా వచ్చింది. ఇవన్నీ చెబుతుంటే మావాడు కట్ట రాళ్లమీద చెయ్యి వేసి, "ఈవిడ ఏ కాలేజీలో చదివింది మావయ్యా?" అన్నాడు.

విశ్వేశ్వరయ్యగారి పూర్వీకుల ఊరు మోక్షగుండం ఈ చుట్టుపక్కలే. ఇంజనీరు పేరెత్తగానే మొహం తిప్పుకున్నాడు. సరే, ఆ కథ అక్కడ ఆపి, ఒక ఆసామి అనుమతితో ఆయన చింతచెట్టు కింద గుడారం వేసి పొయ్యి రాజేశాం.

చీకటి పడ్డాక చెల్లెలు ఫోను చేసింది. దారిలో పడ్డ మూడు పంక్చర్ల సంగతీ వాడు పావుగంట చెప్పాడు. పరీక్ష మాట ఇద్దరూ ఎత్తలేదు.