పళ్ళు జివ్వుమంటే లేజరే శరణ్యమా?

చల్లని నీరు నోట పోసుకొనగానే పన్ను జివ్వున లాగుట ఎందరికో అనుభవమే. 2008లో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత మా షంషాబాదు రూపమే మారినది. బెంగుళూరు రహదారి వెంట దంతవైద్యశాలలు వెలసినవి. సంతోషమే. కాని అక్కడికి వెళ్ళిన వారిలో పలువురు ఖరీదైన చికిత్సయే మేలైనదని తలయూపి వస్తున్నారు. ఈ నమ్మకం సరికాదని మా అభిప్రాయం.

మాలో ఒకరి తల్లిగారు గత వేసవిలో లేజరు చికిత్సకు కొన్ని వేలు వెచ్చించినారు. నెల తిరుగకముందే బాధ మొదటికి వచ్చినది. తరువాత చూసిన వైద్యురాలు వేసిన మొదటి ప్రశ్న, "అమ్మా, పళ్ళు ఎట్లా తోముకుంటారు?" గట్టి బ్రష్షుతో, ఉప్పూ బొగ్గుపొడీ వేసి, అడ్డంగా రుద్దుట ఆమెకు చిన్ననాటి అలవాటు. చిగురు జారి పంటి మొదట గాడి పడినది. ఆ గాడిని సిమెంటుతో పూడ్చి, మెత్తని బ్రష్షు ఇప్పించిన పిదపనే ఆమె మజ్జిగ నిర్భయంగా త్రాగగలిగినారు.

పైనున్న ఎనామెల్ అరిగినా, చిగురు జారినా లోపలి డెంటిన్ బయటపడుతుంది. అందులో కంటికి కనిపించని సన్నని గొట్టాలున్నవి. చల్లదనానికి వాటిలోని ద్రవం కదలి నరాన్ని రేపుతుందని స్వీడను శాస్త్రజ్ఞుడు బ్రాన్‌స్ట్రోమ్ 1960ల దశకంలో వివరించినారు. కనుక వైద్యుడు చేసేది ఆ గొట్టాలను మూయుట, లేదా నరాన్ని శాంతింపజేయుట.

ఫ్లోరైడు వార్నిషు చవక, నొప్పి లేనిది. అయితే కొంత కాలానికి అరిగిపోతుంది, మరల పూయించుకొనవలసినదే. గ్లూటరాల్డిహైడు గల మందు త్వరగా గుణమిస్తుంది, కాని చిగురుకు తగిలితే కాలుతుంది. చేతి నేర్పు ముఖ్యం. గాడి లోతుగా ఉన్నచోట సిమెంటే మన్నుతుంది. ఇక లేజరు: కొందరికి ఉపశమనమిచ్చిన మాట నిజమే, కాని మిగిలిన వాటికంటె మేలని పరిశోధనలు నిర్వివాదంగా తేల్చలేదు. అట్టి దానిని మొదటి మెట్టుగా సూచించుట మాకు సబబుగా తోచదు.

ఫ్లోరైడు పేరు వినగానే మా పెద్దలు పొరుగున ఉన్న నల్లగొండను తలచుకొని బెదరుతారు. ఆ భయం నిరాధారం కాదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడును ఏండ్ల తరబడి త్రాగినవారి ఎముకలు వంగిపోయినవి. కాని పంటిపై ఎప్పుడో ఒకసారి పూసే ఆ కొద్ది చుక్కలు వేరు, దినదినం కడుపులోకి పోయే నీరు వేరు. ఈ తేడా చెప్పేవారు లేక, చవకైన మందును వద్దని ఖరీదైన దానిని కోరుకొంటున్నారు!

పొటాషియం నైట్రేటు గల పేస్టును ముందుగా కొన్ని వారాలు వాడి చూడవచ్చును. తగ్గకున్న, షంషాబాదునుండి బస్సెక్కితే అఫ్జల్‌గంజిలో ప్రభుత్వ దంతవైద్యశాల ఉన్నది. చల్లదనం పోయిన తరువాత కూడ నొప్పి నిలిచినా, రాత్రి నిద్ర చెడినా, అది వార్నిషుతో తీరేది కాదు. నరం దెబ్బతిన్నదేమో వెంటనే చూపించుకొనవలెను.