ఒక్క మెతుకు చాలదు

“ఊరిని బాగుచేసినవాడికి దేశాన్ని అప్పగిస్తే తప్పేమిటి?” టీ కొట్టు దగ్గరా ఇదే మాట, టీవీ చర్చల్లోనూ ఇదే మాట. రుజువు అడిగితే చాలామంది ఫిలిప్పీన్స్‌లోని దవావో నగరాన్ని చూపిస్తారు. ఆ ఊరు మనకు కొత్త కాదు. ఎంబీబీఎస్ కోసం ఆంధ్ర, తెలంగాణల పిల్లలు ఎందరో అక్కడికి వెళ్ళారు. సెలవులకు వచ్చినప్పుడు వాళ్ళు చెప్పే కబుర్లు మీరూ వినే ఉంటారు. రోడ్డు మీద సిగరెట్ కాల్చకూడదు, కొత్త సంవత్సరం రాత్రి కూడా టపాసులు కాల్చకూడదు, 911కి ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది. ఇదంతా మేయర్ రొడ్రిగో డుటెర్టే చలవ అని తెలిశాక, అలాంటివాడు మన దేశానికి ఒక్కడు దొరికితే చాలునని తల్లిదండ్రులు నిట్టూరుస్తారు.

పిల్లలు చూసింది నిజమే. దాన్నుంచి పెద్దలు తీసిన లెక్క తప్పు.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదా అంటారు. చాలు, మెతుకు ఆ కుండలోదే అయితే. 2015 జనాభా లెక్కల ప్రకారం దవావోలో ఉన్నది 16 లక్షల మంది. దేశంలో 10 కోట్ల మంది, అదీ ఏడు వేలకు పైగా దీవుల మీద. మేయర్ రాత్రిపూట బండి తీసుకుని తిరిగితే తన ఊరిని కళ్ళారా చూడగలడు. దేశాధ్యక్షుడు ఎన్ని దీవులు తిరుగుతాడు? డుటెర్టే 2016 జూన్ 30న అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. సరిగ్గా పన్నెండు రోజులకు, జులై 12న, దక్షిణ చైనా సముద్రం వివాదంలో హేగ్ మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ ఫిలిప్పీన్స్‌కు అనుకూలంగా తీర్పు చెప్పింది. ఇరవై రెండేళ్ళు మేయర్‌గా చేసిన మనిషి బల్ల మీదికి ఇలాంటి కాగితం ఒక్కటైనా వచ్చి ఉంటుందా? చేతికందిన ఆ తీర్పును పక్కన పెట్టి ఆయన చైనాతో సర్దుబాటుకు పోయాడు. టపాసుల నిషేధంలో చూపిన పట్టుదల సముద్రం దగ్గర ఏమైంది?

పోనీ, ఆ మెతుకైనా ఉడికిందా? 2010 నుంచి 2015 దాకా ఆ దేశపు జాతీయ పోలీసులు నగరాల వారీగా లెక్కలు తీశారు. హత్యల్లో మొదటి స్థానం దవావోది: 1,032. అత్యాచారాల్లో రెండో స్థానం. భద్రతకు మారుపేరని మనం చెప్పుకుంటున్న ఊరి లెక్క ఇది. రాసింది ప్రత్యర్థి పార్టీ కాదు, పోలీసులే. అంబులెన్సు వచ్చిందని చెప్పుకునేవాళ్ళు ఈ అంకె ఎప్పుడైనా విన్నారా?

ఊరు ఎలా శుభ్రమైందో అడగకుండా శుభ్రతను మెచ్చుకోవడం ఈ వాదంలోని అసలు దోషం. హ్యూమన్ రైట్స్ వాచ్ 2009 నివేదిక చదవండి. నంబరు ప్లేటు లేని మోటారు సైకిల్ వచ్చి ఆగుతుంది. టోపీ పెట్టుకున్నవాళ్ళు దిగుతారు. చొక్కా కింద తుపాకీ, లేదా కత్తి. పట్టపగలు, జనం చూస్తుండగానే పని ముగించి వెళ్ళిపోతారు. చచ్చిపోయింది ఎవరు? చిల్లర దొంగలు, మత్తుమందు అమ్మారన్న అనుమానం ఉన్నవాళ్ళు, వీధి పిల్లలు. 1998 నుంచి 2015 మధ్య ఇలా చనిపోయినవారు 1,400 మందికి పైనే అని స్థానిక సంఘాలు లెక్కగట్టాయి. మేయర్‌గా ఉన్నప్పుడు తనకు ఏడుగురి హంతక ముఠా ఉండేదని 2024 అక్టోబరులో సెనేట్ విచారణలో డుటెర్టే తన నోటితోనే ఒప్పుకున్నాడు. ఇంకా సాక్ష్యం కావాలా?

మేయర్‌కు పైన ఎవరో ఒకరు ఉంటారు. కోర్టు ఉంటుంది, కేంద్ర ప్రభుత్వం ఉంటుంది, కమిషన్ ఉంటుంది. 2009లో మానవ హక్కుల కమిషన్ అధ్యక్షురాలు లైలా డి లిమా దవావో వచ్చి ఈ హత్యల మీద విచారణ జరిపింది. మేయర్‌గా ఆయన ఆమెను ఏమీ చేయలేకపోయాడు. ఆయన అధ్యక్షుడయ్యాక? 2017 ఫిబ్రవరిలో, సెనేటర్‌గా ఉన్న ఆమె మత్తుమందు కేసుల్లో జైలుకు వెళ్ళింది. 2023 నవంబరులో గానీ బెయిల్ దొరకలేదు. మనిషి మారలేదు, పైన అడ్డుకునే చెయ్యి పోయింది. ఊరికీ దేశానికీ తేడా విస్తీర్ణంలోనే ఉందనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

మూడు నుంచి ఆరు నెలల్లో మత్తుమందును తుడిచిపెడతానని ఆయన ఓట్లడిగాడు. ఆరు నెలలయ్యాక మరో ఆరు నెలలు కావాలన్నాడు, ఆ తర్వాత పదవీకాలం చివరిదాకా అన్నాడు. దిగిపోయేనాటికి పోలీసు చర్యల్లో చనిపోయినవారు ప్రభుత్వ లెక్కలోనే 6,200 మందికి పైగా. 2017 ఆగస్టులో కలోఓకన్‌లో పదిహేడేళ్ళ విద్యార్థి ఒకడు చనిపోయాడు. తమ మీద కాల్పులు జరిపాడని పోలీసులు చెప్పారు. వాళ్ళు ఆ కుర్రవాణ్ణి చెరోవైపు పట్టుకుని ఈడ్చుకుపోవడం సీసీ కెమెరాలో కనిపించింది. మరుసటి ఏడాది ముగ్గురు పోలీసులకు శిక్ష పడింది. దవావో పద్ధతి దేశమంతా పాకడమంటే ఇదే.

“మరి వల్లభ్‌భాయ్ పటేల్?” అని ఎదురు ప్రశ్న వేస్తారు. నిజమే, 1924 నుంచి 1928 దాకా ఆయన అహ్మదాబాద్ మున్సిపాలిటీ అధ్యక్షుడు. కానీ ఆయన్ను దేశనాయకుణ్ణి చేసింది ఊరి కాలవలా, కొళాయిలా? 1928లో బార్డోలి రైతుల వెనుక నిలబడటం, తర్వాత ఏళ్ళ తరబడి కాంగ్రెస్‌ను నడపడం, జైలుకెళ్ళడం ఆయన్నలా చేశాయి. మేయర్లు దేశనాయకులు కాకూడదని నేననడం లేదు. మేయర్‌గిరీ ఒక్కటే అర్హతాపత్రం కాజాలదంటున్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలిచినవాడు రచ్చ గెలిచి తీరతాడని అనలేదు. 2025 మార్చి 11న ఈ హత్యల కేసులోనే డుటెర్టేను అరెస్టు చేసి హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి తరలించారు. రెండు నెలలకు, నిర్బంధంలో ఉండగానే, దవావో ఆయన్ను భారీ మెజారిటీతో మళ్ళీ మేయర్‌గా ఎన్నుకుంది. ఊరి ప్రేమకు అంత బలం ఉంది. అందుకే దాన్ని తూకపు రాయిగా వాడకూడదు.

పాఠకులారా, ఊరిని చూపించి దేశాన్ని అడిగేవాడు ఎదురైతే రోడ్ల సంగతి తర్వాత అడగండి. తనను ప్రశ్నించినవాళ్ళతో ఎలా నడుచుకున్నాడో, ఆ శుభ్రతకు ఎవరు మూల్యం చెల్లించారో ముందు అడగండి. ఫిలిప్పీన్స్ ఓటర్లకు ఆ జవాబు 2009 నుంచీ అచ్చులోనే ఉంది. 2016లో కోటీ 66 లక్షల మంది దాన్ని పక్కనపెట్టి ఓటు వేశారు.